తుపాకి బరువెంత?

మన సాహిత్యంలో తుపాకికి కొదవ లేదు. కవిత్వంలో అది మొలకెత్తుతుంది, పూస్తుంది, మాట్లాడుతుంది. కథల్లో ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారుతుంది. విమర్శలోకి వచ్చేసరికి దానికి ఇంకా పెద్ద పేర్లు పెడతాం - ప్రతీక, ధిక్కారం, కర్తృత్వం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపక కథనాల మీద పరిశోధన చేసినదాన్ని కాబట్టి ఈ పేర్లన్నీ నేనూ వాడాను. నా వైవాలో అరగంట సేపు తుపాకి గురించే చర్చ జరిగింది. ఆ గదిలో ఉన్నవాళ్ళం అందరం సాహిత్యం చదువుకున్నవాళ్ళమే. తుపాకి దేన్ని సూచిస్తుందో అందరూ అడిగారు. దాని బరువెంత ఉంటుందో ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న నాకు నిరుడు, ఒక రైఫిల్ కొనుక్కున్నాక వచ్చింది.

రైఫిల్ అనగానే కంగారు పడకండి. ఇది గాలితో పేలేది, ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను పది మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీదికి కొట్టే ఆట తుపాకి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 20 జౌళ్ళకు మించని శక్తితో, ఈ కొలత గొట్టంతో ఉండే వాటికి లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెల్చుకున్నది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. అయినా సరే, "నేనొక రైఫిల్ కొన్నాను" అని చెప్తే స్నేహితుల మొహాల్లో ఒక క్షణం మార్పు వస్తుంది. ఆ మార్పు గురించి కూడా ఇక్కడ రాయాలి.

మొదలు చాలా మామూలుగా జరిగింది. నేను ఒక డిగ్రీ కాలేజీలో పీరియడ్ల లెక్కన పాఠాలు చెప్తాను. అంతర కాలేజీ షూటింగ్ పోటీలకు ముగ్గురు ఆడపిల్లలు వెళ్తుంటే వాళ్ళకు తోడుగా ఒక "లేడీ స్టాఫ్" కావాల్సి వచ్చింది. పర్మనెంటు వాళ్ళకెవరికీ కుదరలేదు కాబట్టి నన్ను పంపారు. అమ్మాయిలు గురి చూస్తుంటే వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాళ్ళ చున్నీలూ బ్యాగులూ కాపలా కాయడం నా పని. ఉత్తరప్రదేశ్‌లో బాగ్‌పత్ జిల్లా జోహ్రీ గ్రామానికి చెందిన చంద్రో తోమర్ కూడా మనవరాలికి తోడుగానే రైఫిల్ క్లబ్బుకి వెళ్ళిందట, అరవై దాటాక. 2021లో చనిపోయేదాకా ఆవిడను దేశమంతా "షూటర్ దాదీ" అనే పిలిచింది. తోడు వెళ్ళే పని ఆడవాళ్ళను ఎక్కడెక్కడికి చేరుస్తుందో చూడండి!

రెండో రోజు మధ్యాహ్నం అక్కడి కోచ్ "మీరూ ఒకసారి పట్టుకుని చూడండి మేడమ్" అన్నాడు. పట్టుకున్నాను. నాలుగున్నర కిలోల దాకా ఉంటుందని చెప్పాడు. అంతర్జాతీయ నిబంధనల్లో పై హద్దు అయిదున్నర కిలోలట. మూడు నిమిషాలు ఎత్తి ఉంచేసరికి నా ఎడమ భుజం మండిపోయింది. ఎన్నో పేజీల నిండా నేను రాసిన వస్తువు నా చేతుల్లో ఉంది, దాని భాగాల పేర్లు కూడా నాకు సరిగా తెలియవు!

ఒక్క పేరు మాత్రం తెలుసు. మడమ.

తుపాకికి వెనక వైపు, భుజానికి ఆనించే భాగాన్ని మడమ అంటారు. ఆ మాట నేను ఏ నిఘంటువులోనూ నేర్చుకోలేదు. 1990ల్లో ఉత్తర తెలంగాణ పల్లెల్లో పెరిగిన వాళ్ళకు ఆ మాట ఎలా తెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. పగలు ఒక రకం తుపాకులు వచ్చేవి, రాత్రి ఇంకో రకం తుపాకులు వచ్చేవి. ఇద్దరికీ అన్నం పెట్టాలి, ఇద్దరికీ జవాబు చెప్పాలి. ఒక రాత్రి బూట్ల చప్పుడు, టార్చిలైట్లు, బియ్యం ఉన్న అర్రలో ఏదో వెతుకులాట. తెల్లారి మా చిన్నాయిన కుడి భుజం కమిలిపోయి ఉంది. "మడిమెతోని కొట్టిన్రు" అని మా అమ్మ పక్కింటామెతో చెప్తుంటే విన్నాను. తుపాకి అంటే గుండు దూసుకొచ్చే మూతి అని అందరూ అనుకుంటారు. మా ఇంట్లో మాత్రం తుపాకి అంటే మడమే.

"మడమను భుజం గుంటలో కుదురుగా పెట్టుకోండి" అని కోచ్ చెప్పినప్పుడు నాకొక క్షణం చెయ్యాడలేదు. సరిగ్గా అదే చోటు!

*

తర్వాత మూడు నెలలు ఆదివారాల్లో రేంజికి వెళ్ళి, అద్దె రైఫిల్‌తో నేర్చుకున్నాను. అద్దె, పెల్లెట్లు, బస్సు చార్జీలు లెక్కేసుకుంటే సొంతానిది ఒకటి కొనుక్కోవడమే నయమనిపించింది. కానీ ఏది కొనాలి?

పోటీల్లో వాడే రైఫిళ్ళు ఎక్కువగా జర్మనీవి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటివి. నేను విచారించినప్పుడు ధర రెండున్నర, మూడు లక్షలు చెప్పారు. వాటిలో ముందే సుమారు 200 బార్ల ఒత్తిడితో గాలి నింపిన సిలిండర్ ఉంటుంది. మీట నొక్కితే ఒక చిన్న సుత్తి వాల్వును తట్టి, కొలిచినంత గాలిని మాత్రమే వదులుతుంది. అదురు దాదాపుగా ఉండదు. అదే పద్ధతిలో మన దేశంలో తయారయ్యేవీ ఉన్నాయి, చాలా తక్కువ ధరకే. అయినా నా నెల సంపాదన మించిపోతుంది. పైగా సిలిండర్ నింపడానికి పంపో, పెద్ద ట్యాంకో కావాలి. మూడోది స్ప్రింగు రైఫిల్. గొట్టాన్ని మధ్యలో విరిచినట్టు వంచి, ప్రతిసారీ మన చేతి బలంతోనే స్ప్రింగును బిగించాలి. ఇంకే ఖర్చూ లేదు. పదివేల లోపు దొరుకుతుంది. నా ప్రపంచం అక్కడే ఉంది కాబట్టి అటే వెళ్ళాను.

అబిడ్స్ వైపు ఒక పాత దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు పెద్దాయన చాలా మర్యాదస్తుడు. "బాబుకా అమ్మా? ఎన్నేళ్ళు?" అని అడిగాడు. నాకే అన్నాను. "ఓ, సార్‌కి గిఫ్టా?" అన్నాడు. నాకే అని మళ్ళీ చెప్పాను. అప్పుడాయన ఒక పెద్ద రైఫిల్ దించి, దాని వేగం చెప్పడం మొదలెట్టాడు. సెకనుకు ఇన్ని అడుగులు, ఇంత మందం చెక్కను చీలుస్తుంది, ఇంత దూరం పోతుంది! దుకాణంలోని డబ్బాలన్నిటి మీదా అంకెలే. అంకె పెరిగే కొద్దీ ధర పెరుగుతోంది, డబ్బా మీది బొమ్మలో పులులూ గద్దలూ కోపంగా తయారవుతున్నాయి.

అప్పటికి నేను కొంచెం చదువుకుని ఉన్నాను. ఒలింపిక్స్ రైఫిల్ నుంచి పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వస్తుంది. దాని శక్తి ఏడెనిమిది జౌళ్ళకు మించదు. ప్రపంచంలో అత్యంత కచ్చితమైన, మూడు లక్షల ఖరీదైన గాలి తుపాకి వేగంలో ఈ పులిబొమ్మ తుపాకికంటే వెనకే! పది మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పెట్టడానికి అంతకంటే వేగం అక్కర్లేదు. స్ప్రింగు ఎంత గట్టిదైతే తుపాకి అంత ఎగిరిపడుతుంది, బిగించడానికి అంత బలం కావాలి, గురి అంత చెదురుతుంది. అంటే మొదటిసారి కొనుక్కునేవాళ్ళకు బలహీనమైనదే మంచిది, అదే చవక కూడా. ఈ సంగతి ఏ డబ్బా మీదా రాసి లేదు.

"తక్కువ శక్తిది చూపించండి" అన్నాను. "అది లేడీస్, పిల్లల మోడల్ అమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు కదా..." అన్నాడాయన. చదువుకున్నాను కాబట్టే అది కావాలన్నాను. ఎనిమిది వేల చిల్లర. ఆధార్ కాపీ ఇచ్చి, రశీదు నా పేరు మీద రాయించుకున్నాను. నా సంపాదనతో కొనుక్కున్న వస్తువుల్లో పుస్తకాలూ చీరలూ తీసేస్తే, ఇంటికి ఏ విధంగానూ పనికిరాని మొదటి వస్తువు అది. పనికిరాని వస్తువు కొనుక్కునే స్వేచ్ఛ గురించి మనం ఎప్పుడైనా రాశామా?

*

ఆ దుకాణం వెనకే రిపేరు చేసే అతను ఉన్నాడు. విప్పేసి ఉన్న ఒక పాత రైఫిల్‌ను బల్ల మీద పరిచి, నేనడిగినవన్నీ ఓపిగ్గా చెప్పాడు. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి గట్టిగా నొక్కితే లోపల గాలి ఎలా బిగుసుకుంటుందో తెలుసు కదా, అంతే. గొట్టాన్ని కిందికి వంచితే దానికి తగిలించిన ఇనుప కడ్డీ పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. పిస్టన్ వెనకున్న స్ప్రింగు అణిగిపోతుంది. చివరికొచ్చాక సియర్ అనే చిన్న ఉక్కు పలుకు పిస్టన్ గాటులో పడి, దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. గోరంత ఉంటుంది అది. అంత స్ప్రింగు బలాన్నీ ఆపి ఉంచేది అదే. మీట నొక్కితే ఆ పలుకు జారుతుంది. పిస్టన్ ముందుకి దూకుతుంది, ముందున్న గాలి నొక్కుకుపోయి చిన్న రంధ్రంలోంచి దూసుకెళ్ళి పెల్లెట్‌ను తోస్తుంది. ఖాళీగా ఎప్పుడూ పేల్చకూడదట. ముందు పెల్లెట్ లేకపోతే గాలి మెత్తలా అడ్డుపడదు, పిస్టన్ నేరుగా ఇనుముకు కొట్టుకుని పాడవుతుంది. గొట్టం వంచి ఉన్నప్పుడు దాన్ని చేతిలోంచి వదలకూడదు. పొరపాటున మీట జారితే గొట్టం ఎగిరొచ్చి, పెల్లెట్ పెడుతున్న వేళ్ళను నలిపేస్తుంది. ఎప్పుడూ మూతి మనిషి వైపు ఉండకూడదు, కాల్చేదాకా వేలు మీట మీద పడకూడదు. పెల్లెట్లు సీసం కాబట్టి ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కడుపుతో ఉన్నవాళ్ళయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

పెల్లెట్ ఆకారం చూస్తే నవ్వొచ్చింది. తల, సన్నటి నడుము, కింద విచ్చుకున్న అంచు. ఇంగ్లీషులో ఆ అంచును స్కర్ట్ అనే అంటారు! పావడా కట్టుకున్న సీసపు పిల్ల అన్నమాట. ఆ పావడాయే అసలు పని చేస్తుంది. గాలి ఒత్తిడికి అది విచ్చుకుని గొట్టం లోపలి గోడలను పట్టుకుంటుంది. లోపలి గోడల నిండా మెలి తిరిగిన గాళ్ళుంటాయి. వాటి వెంట తిరుగుతూ బయటికొస్తుంది కాబట్టే పెల్లెట్ బొంగరంలా నిలకడగా వెళ్తుంది. ఆ గాళ్ళ వల్లనే దీనికి రైఫిల్ అన్న పేరొచ్చింది. గీరడం, గాడి పెట్టడం అన్న అర్థమున్న పాత ఫ్రెంచి మాట అది. భాషాశాస్త్రం చదివినదాన్ని, ఈ సంగతికి ఎంత సంబరపడ్డానో! పేరు పెట్టినవాళ్ళు దాని మూతి చూసి పెట్టలేదు, చప్పుడు చూసి పెట్టలేదు. బయటికి కనిపించని లోపలి గీతల్ని చూసి పెట్టారు.

స్ప్రింగు రైఫిల్‌కు ఇంకో విచిత్రమైన గుణం ఉంది. పిస్టన్ ముందుకి దూకినప్పుడు తుపాకి వెనక్కి అదురుతుంది, పిస్టన్ ఆగినప్పుడు ముందుకి అదురుతుంది. రెండు అదురులూ పెల్లెట్ గొట్టం దాటేలోపే. అందుకని దాన్ని బిగించి పట్టుకుంటే గురి కుదరదు. అరచేతి మీద వదులుగా పెట్టి, దాని కదలికను దాన్నే కదలనివ్వాలి. ఊపిరి సగం వదిలి ఆపాలి. మీటను లాగకూడదు, మెల్లగా నొక్కుతూ పోవాలి. మొదట కొంత వదులుగా వస్తుంది, తర్వాత గోడలా అడ్డం తగులుతుంది. ఆ గోడ దగ్గర ఆగి, ఇంకొంచెం నొక్కితే ఎప్పుడు పేలిందో మనకే తెలియకూడదు. సినిమాల్లో హీరోలు పిడికిలి బిగించి, పళ్ళు కొరుకుతూ కాలుస్తారే, అలా కాలిస్తే పది మీటర్ల దూరంలో పళ్ళెం కూడా తగలదు!

*

ఇక శరీరం సంగతి. దుకాణాల్లో దొరికే రైఫిళ్ళలో మడమ చివరి నుంచి మీట దాకా దూరం పద్నాలుగు అంగుళాల దగ్గర ఉంటుంది. నేను అయిదడుగుల ఒక అంగుళం. నా చేతికి పదమూడు అంగుళాలైతేనే సరిపోతుంది. ఖరీదైన వాటిలో ఆ దూరాన్ని మర తిప్పి మార్చుకోవచ్చు, చవక వాటిలో ఆ వీలు లేదు. నేను కొన్నదాన్ని మా వీధిలోని వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన నా మోచేతి మడత దాకా కొలిచి, మడమను అంగుళం కోసి, రబ్బరు బిళ్ళను మళ్ళీ బిగించి ఇచ్చాడు. రెండువందలు తీసుకున్నాడు. రెడీమేడ్ జాకెట్లకు కుట్లు విప్పి, కుట్లు వేసి జీవితమంతా గడిపే మనకు ఇది కొత్త పనేం కాదు కదా!

నిలబడి కాల్చేటప్పుడు ఎడమ తుంటిని ముందుకి నెట్టి, దాని మీద మోచేయి ఆనించాలి. తుపాకి బరువు కండరాల మీద పడకుండా ఎముకల మీద నిలవాలి. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నాను, తుంటి తిప్పి నిలబడకు అని! స్కూల్లో ప్రార్థన వరసలో, పెళ్ళిళ్ళలో, బస్టాపుల్లో. ఇక్కడ కోచ్ రోజూ "తుంటి, తుంటి" అని గుర్తు చేస్తాడు. ఒక ఎముకను దాని పని కోసం మాత్రమే వాడుకోవడం ఎంత హాయిగా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

ఈ ఆటలో ఆడవాళ్ళ శరీరాన్ని ఎలా లెక్కగట్టారో చూస్తే మాత్రం ఆ హాయి కాస్త తగ్గుతుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీలకు ఆడా మగా తేడా లేదు. అమెరికా షూటర్ మార్గరెట్ మర్డాక్, సహచరుడు లానీ బాషమ్ సమానంగా 1162 పాయింట్లు సాధించారు. లెక్కల్లో స్వర్ణం బాషమ్‌కు వెళ్ళింది. అతను మర్డాక్‌ను పై మెట్టు మీదికి లాక్కుని, జాతీయ గీతం పాడుతుండగా ఇద్దరూ కలిసి నిలబడ్డారు. ఆడవాళ్ళకు వేరే పోటీలు 1984లో మొదలయ్యాయి. 1992 బార్సిలోనాలో చైనాకు చెందిన జాంగ్ షాన్ మగవాళ్ళతో కలిసి పోటీపడి స్కీట్‌లో స్వర్ణం గెలిచింది. 1996 అట్లాంటాలో ఆ పోటీని మగవాళ్ళకే పరిమితం చేశారు. ఆడవాళ్ళకు స్కీట్ పోటీ లేదు కాబట్టి, గెలిచిన మనిషికి తన పతకాన్ని నిలుపుకునే అవకాశమే లేకుండా పోయింది. ఇంకా చెప్పాలంటే, పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 2018కి ముందు మగవాళ్ళకు అరవై గుళ్ళు, ఆడవాళ్ళకు నలభై. గాలి తుపాకి! బలంతో పని లేదు, అందరికీ అదే దూరం, అదే కాగితం, అదే అర మిల్లీమీటరు పదిమార్కుల చుక్క. అయినా ఇరవై గుళ్ళు తక్కువ. సిడ్నీలో ఫైనల్‌కు చేరిన అంజలి భగవత్ తరమంతా ఆ నలభై గుళ్ళలోనే తమను తాము నిరూపించుకోవాల్సి వచ్చింది. 2021లో టోక్యో పారాలింపిక్స్‌లో అవని లేఖరా చక్రాల కుర్చీలోంచి స్వర్ణం గెలిచే నాటికి ఆ అరవై అందరివీ అయ్యాయి.

*

"ఆత్మరక్షణ కోసమా?" అని చాలామంది అడుగుతారు. మంచి మనసుతోనే అడుగుతారు. ఆడది తుపాకి పట్టుకోవడానికి అంతకంటే మర్యాదైన కారణం ఇంకేం దొరుకుతుంది? నా జవాబు వాళ్ళను నిరాశపరుస్తుంది. ఈ రైఫిల్ ఎవరినీ రక్షించదు. గొట్టం వంచి, పెల్లెట్ పెట్టి, ఊపిరి ఆపి కాల్చేలోగా రావాల్సిన వాడు వచ్చి కూర్చుని టీ కూడా అడుగుతాడు. అదీకాక, ఆడవాళ్ళ మీద జరిగే హింసలో ఎక్కువ భాగం తెలిసినవాళ్ళ చేతుల్లో, ఇంటి గోడల మధ్య జరుగుతుందని మనం ఇన్నేళ్ళుగా రాస్తూనే ఉన్నాం. మంచం మీద పక్కన పడుకున్నవాడి నుంచి ఏ తుపాకి కాపాడుతుంది?

మా స్టాఫ్‌రూములో ఒక స్నేహితురాలు నన్ను "ఒసేయ్ రాములమ్మా!" అని పిలవడం మొదలెట్టింది. 1997లో వచ్చిన ఆ సినిమా మా ఊళ్ళో ఎంతమంది ఎన్నిసార్లు చూశారో చెప్పలేను. నాకూ ఇష్టమే. కానీ అక్కడ ఆమె చేతికి తుపాకి రావాలంటే ముందు దొర చేతిలో ఆమె నాశనం కావాలి. 1983లో ఫూలన్ దేవి గాంధీ, దుర్గ పటాల ముందు రైఫిల్ దించి లొంగిపోయిన దృశ్యం కూడా మన కళ్ళల్లో అలాగే స్థిరపడింది. గాయం ఉంటే తప్ప ఆడదాని చేతిలో ఆయుధాన్ని మనం సహించలేం. గాయమూ ప్రతీకారమూ లేకుండా, ఊరికే, గురి కుదిరితే బాగుంటుంది కాబట్టి పట్టుకునే ఆడదానికి మన కథల్లో చోటు లేదు. అదే మగవాళ్ళకైతే తుపాకి రాముళ్ళు ఎంతమంది! ఖాకీ చొక్కా, టోపీ, కట్టె తుపాకితో ఇంటింటి ముందూ కోతలు కోసే పిట్టలదొరను ఎంత ముద్దుగా చూసుకున్నాం! కోతలు కోయడానికి కూడా మనకొక కట్టె తుపాకి లేదు.

అలాగని తుపాకిని పండగ చేసుకోమని నేను అనడం లేదు. మా చిన్నాయిన భుజాన్ని చూసినదాన్ని నేను. భయపడే వస్తువు లోపల ఏముందో తెలుసుకోకుండా భయపడటం మీదే నా అభ్యంతరం. ఆరాధించే వస్తువు విషయంలోనూ అంతే.

*

దసరా సెలవుల్లో రైఫిల్‌ను మా ఊరికి తీసుకెళ్ళాను. పెరట్లో గోడకు ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు కాగితం పెట్టుకుందామని. అమ్మకు ఫోన్లో ముందే చెప్పాను. ఏమీ అనలేదు. సంచి విప్పుతుంటే దూరంగా నిలబడి చూసింది.

"ఇంట్లకు తుపాకి వచ్చి ఇరవై ఏండ్లు దాటె. మల్ల నువ్వు దెచ్చినవా బిడ్డా?" అంది.

అందులో కోపం లేదు. నేను గొట్టం వంచి, ఖాళీగా ఉందని చూపించి, లోపలికి వెలుగు పట్టాను. కాసేపటికి దగ్గరికొచ్చి ఒంటి కన్నుతో చూసింది. లోపలి మెలికలు చూసి "మర తిప్పినట్టున్నయి" అంది. వాళ్ళవి కూడా ఇట్లనే ఉంటయా అని అడిగింది. వాటిలో మందు పేలుతుంది, ఇందులో గాలే అన్నాను. "అయితె నీది ఉత్త తుపాకి" అని నవ్వింది.

గురి ఎలా చూడాలో చెప్పాను. కాగితం మీది నల్ల చుక్క మసకగా కనిపించినా ఫర్వాలేదు, కన్ను గొట్టం చివరి సైటు మీదే నిలవాలి అన్నాను. ఒప్పుకోలేదు. జొన్నచేల మంచె మీద వడిసెలతో పిట్టలు కొట్టిన మనిషి మా అమ్మ. "రాయిని సూస్తె పిట్ట తగుల్తదా? పిట్టనె సూడాలె, చెయ్యి దానంతటదె పోతది" అంది. వడిసెలకు అది నిజమే. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. మా ఇంట్లో గురి చూడటం తెలిసిన ఆడవాళ్ళలో నేను రెండోదాన్ని, ఆ సంగతి నాకు ముప్పై దాటాక తెలిసింది.

తర్వాత రైఫిల్‌ను రెండు చేతులా తీసుకుని, పత్తి తూచినట్టు ఎత్తి చూసింది. "మూడు కిలోలకు జర తక్కువుంటది" అంది. సరిగ్గా అంతే ఉంటుంది. తిరిగి నా చేతికిస్తూ, "ఆ రాత్రి మీ చిన్నాయినను కొట్టినయి గింతకన్న బరువున్నయి" అంది. నీకెలా తెలుసు అన్నాను.

"సప్పుడు" అంది.

ఒక్కసారి కాల్చి చూస్తావా అని అడిగాను. "నాకద్దు" అని చింతపండు గింజలు తీసుకోవడానికి వెళ్ళిపోయింది. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం, "దాన్ని బియ్యం అర్రల పెట్టకు" అని చెప్పింది. బీరువాలో పెట్టి తాళం వేశాను.

*

ఆ తర్వాత నా పరిశోధన పుస్తకాలన్నీ మళ్ళీ తీశాను. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" మనందరికీ తల్లి లాంటి పుస్తకం. పోరాటం అయిపోయాక ఇక ఇళ్ళకు వెళ్ళమంటే ఆ స్త్రీలకు ఎలా అనిపించిందో మనం నేర్చుకున్నది అక్కడే. నిజాం కాలంలో తల మీద పదివేల రూపాయల వెల పడ్డ మల్లు స్వరాజ్యం తన ఆత్మకథకు "నా మాటే తుపాకీ తూటా" అన్న పేరుతో 2019లో మన ముందుకొచ్చింది, 2022లో వెళ్ళిపోయింది. ఈ పుస్తకాల్ని నేను ఇన్నాళ్ళూ మాటల కోసం చదివాను. ఇప్పుడు బరువు కోసం చదువుతున్నాను. ఆ కాలపు .303 రైఫిల్ నాలుగు కిలోల దాకా ఉంటుంది, గుళ్ళు లేకుండానే. దొరల గడీల్లోంచి లాక్కొచ్చిన భర్మార్లను మూతిలోంచి మందు కూరి, కడ్డీతో దట్టించి కాల్చాలి. ఒక్కసారి కాల్చాక మళ్ళీ సిద్ధం చేసుకునేదాకా మనిషి ఉత్త చేతులతో ఉన్నట్టే. అడవిలో, వానలో, అర్ధాకలితో, ఒకరిద్దరైతే చంటిబిడ్డలతో వీటిని మోశారు. చాలామంది వడిసెలలతో, కారంపొడితో, రోకళ్ళతో నిలబడ్డారు. వాళ్ళ ధిక్కారం గురించి చాలా రాశాం. వాళ్ళ నైపుణ్యం గురించి దాదాపుగా ఏమీ రాయలేదు. నైపుణ్యం అంటే ఎవరో నేర్పాలి, ఎవరో నేర్చుకోవాలి, రోజూ సాధన చెయ్యాలి. ధిక్కారానికి ఇవేవీ అక్కర్లేదన్నట్టు, అది గుండెలోంచి దానంతటదే పుట్టుకొస్తుందన్నట్టు రాస్తాం. ఆడవాళ్ళ వంట గురించి రాసినట్టే!

ఆ తరంలో మిగిలినవాళ్ళు ఎవరైనా దొరికితే అడగాలని ఒక కాగితం మీద కొన్ని ప్రశ్నలు రాసుకున్నాను. తుపాకి బరువెంత ఉండేది? ఏ భుజానికి ఆనించేవాళ్ళు? ఎవరు నేర్పారు, ఎన్ని రోజులు? శుభ్రం చేయడానికి నూనె ఎక్కడి నుంచి వచ్చేది? నెలసరి రోజుల్లో ఎలా నడిచారు? మొదటిసారి గురి కుదిరినప్పుడు సంతోషం వేసిందా, ఆ సంతోషాన్ని ఎవరితోనైనా చెప్పుకున్నారా? అంతా అయిపోయాక, దాన్ని ఎవరి చేతికిచ్చారు?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన వాళ్ళకు ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. వచ్చే సెలవుల దాకా ఆగకుండా వెళ్ళాలి.